ఖాళీగా రాని డబ్బా

మా నర్సమ్మత్త పెద్ద హోటల్లో ఇడ్లీలు దొంగిలించి పట్టుబడిందని మా ఇంట్లో చెప్పుకునే కథ అబద్ధం. మొన్న ఆమె దినాల నాడు, ఆమె పేరు మీద వండిన అన్నం తింటూనే మా అన్న ఆ కథ మళ్లీ ఎత్తుకున్నాడు. "మా మేనత్తను తక్కువ అనుకునేరు! ఎయిర్‌పోర్టు కాడి హోటల్ల స్టీలు డబ్బ నిండ ఇడ్లీలు కుక్కింది. నడి హాల్ల మేనేజరు పట్టుకున్నడు. నా బిడ్డ అత్తగారోల్ల ముంగట నా ఇజ్జత్ పోయె" అన్నాడు. బంతి మొత్తం నవ్వింది. మా వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది. చనిపోయిన మనిషి పటానికి దండ వేసి, ఆ పటం కిందే కూర్చుని ఆమెను దొంగ అనడం ఏం మర్యాదో నాకు తెలియదు.

"అన్నా, ఆమె కుక్కంగ నువ్వు చూసినవా?" అన్నాను.

"చూసుడేంది? డబ్బల ఉన్నయి గదా."

"డబ్బల ఉంటె ఆమెనే పెట్టినట్టా?"

"ఇగ మొదలువెట్టింది వకీలమ్మ" అన్నాడు అన్న. మళ్లీ నవ్వులు.

దీనికంటే ప్రమాదమైన కథ ఇంకొకటి ఉంది. అది చదువుకున్న మా అన్న కొడుకు చెప్పేది. వాడి ప్రకారం ఆ హోటల్ ఒకప్పటి మా పొలంలోనే ఉందట, అత్త తన నేల మీద తన హక్కు తను తీసుకుందట. వినడానికి బాగుంటుంది. వినేవాళ్ల కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి. కానీ మా చెలక మంఖాల్ అవతల ఉంది, ఇప్పటికీ అందులో టమాటా, బెండ పండుతున్నాయి. హోటల్ ఉన్న జాగా ఎవరిదో మాకు తెలియదు. అన్న కథలో ఆమె దొంగ, వాడి కథలో ఆమె వీరురాలు. ఇద్దరూ ఒక్క మాట మీద మాత్రం కలిశారు, ఆ ఇడ్లీలు ఆమే తీసిందని. అసలు అబద్ధం అక్కడే ఉంది. ఆ రోజు ఆమె పక్కన కూర్చున్నది నేను. నాకు అనుమానం ఎక్కువని మా వాళ్లంటారు. ఎక్కువే. అది నాకు నర్సమ్మత్త పెట్టిన చదువు.

నర్సమ్మత్త మా బాపుకు అక్క. కందుకూరు దిక్కు ఇచ్చారట, కొన్నాళ్లకే వచ్చేసింది. ఎందుకు వచ్చావని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు తెలివి వచ్చేటప్పటికి వంటింటి పెత్తనం మా అమ్మది, వంటింటి గడప పెత్తనం అత్తది. అంటే ఇంట్లో ఏం వండాలన్నది అమ్మ చూసుకునేది, వండినదాంట్లో ఏ ఇంటికి ఏం పోవాలి, ఏ ఇంటి నుంచి ఏం వచ్చింది అన్నది అత్త చూసుకునేది. మా వాడకట్టులో ఏ ఇంట్లో ఏ కొత్త కూర వండినా, పిండివంట చేసినా ఒక గిన్నె పక్కింటికి పోవాల్సిందే. మోసేది నేను. గిన్నె మీద తలె, అంటే పళ్లెం, బోర్లించి, దాని మీద గుడ్డ కప్పి, "వంచకు, ఉరకకు, తొవ్వల ఎవలన్న అడిగితె ఏముందో చెప్పకు" అని పంపేది. గిన్నె మళ్లీ మా ఇంటికి వచ్చిన రోజు అత్త చేసే తనిఖీ చూడాలి. ముందు గిన్నె అడుగు తిప్పి, చెక్కించిన పేరు మీద వేలు పెట్టి తడిమేది. ఆమెకు అక్షరాలు రావు గానీ బాపు పేరులో ఎన్ని వంపులున్నాయో వేలికి తెలుసు. మా మందపు గిన్నె ఉంచుకుని పలచటిది పంపారేమోనని ఆమె అనుమానం. తర్వాత మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. "నూనె మల్ల కాంచిన్రు" అనేది. "నువ్వుల పొడిల పల్లీలు కలిపిన్రు" అనేది. వాసనతోనే ఆ ఇంటి సంగతులన్నీ చెప్పేది, వాటిలో సగం నిజమయ్యేవి.

గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. ఇది అందరికీ తెలిసిన పద్ధతే, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. ఏమీ లేకపోతే చారెడు చక్కెర, అదీ లేకపోతే పెరట్లోని నాలుగు కరివేపాకు రెమ్మలు. కానీ మా వాడకట్టులో దీనికి ఒక తోక ఉండేది. వచ్చిన పిండివంట అంతా తీసుకోకూడదు. అడుగున ఒక్కటి వదిలి, దాని మీద మన ఇంటిది పెట్టి పంపాలి. సకినాలొస్తే ఒక సకినం, గరిజెలొస్తే ఒక గరిజె. "అన్ని ఊడ్సుకుంటె వాల్లకు మల్ల వండబుద్ధి అయితదా?" అనేది అత్త. ఇంకొక సంగతి, గిన్నెను తోమకూడదు. తుడిచి ఇవ్వవచ్చు, కడిగితే తప్పు. మీరు నవ్వవచ్చు. ఆరోగ్యశాస్త్రం చదివిన నేను కూడా కాలేజీ రోజుల్లో నవ్వాను.

ఇవన్నీ పాటిస్తూనే ఉండాలి గానీ నోటితో చెప్పకూడదు. చెప్పకూడదన్నదే అన్నిటికంటే పెద్ద కట్టుబాటు. ఇది నాకు ఎట్లా తెలిసిందంటే, మా ఊరి బడికి బదిలీ మీద ఒక సారు వచ్చారు, కృష్ణ అవతలి జిల్లా నుంచి. ఆయన భార్యను ఊరంతా సారమ్మ అనేది. సన్నగా, తెల్లగా, మాటకు ముందు ఒక చిరునవ్వుతో ఉండేది. వాళ్లొచ్చిన కొత్తల్లో మా ఇంట్లో గరిజెలు చేశారు. కోస్తా వాళ్లు కజ్జికాయలంటారే, అవే. ఆ పని ఉన్న రోజున ఇల్లంతా ఎండుకొబ్బరి వాసన. అమ్మ పుట్నాలు, యాలకులు దంచేది, అత్త పిండి ముద్దలు పలచగా ఒత్తి, లోపల పొడి నింపి, సగానికి మడిచి, బొటనవేలితో అంచు అల్లేది. ఆ అంచు ఆమె చేతి సంతకం. మూడు మడతలు పెద్దగా, తర్వాత ఒకటి చిన్నగా, మళ్లీ మూడు పెద్దగా. పదిమంది చేసిన గరిజెలు ఒక్క గంపలో పోసినా ఆమెవి ఏరవచ్చు. ఆ రోజు ఒక గిన్నె సారమ్మ ఇంటికి మోశాను. మర్నాడు బడి నుంచి వస్తుంటే ఆమె పిలిచి గిన్నె నా చేతికిచ్చింది. "చాలా బాగున్నాయని చెప్పమ్మా మీ అత్తయ్యగారికి. గిన్నె శుభ్రంగా తోమి ఇస్తున్నానని చెప్పు" అంది.

గిన్నె అద్దంలా ఉంది. అందులో నా ముఖం కనిపించింది. దారిలో నేనే ఏమైనా తిన్నానని మీరు అనుమానిస్తారేమో, తినలేదు. తినడానికి అందులో ఏమీ లేదు. అత్త గిన్నె అందుకుని, మూత తీసి, చాలాసేపు లోపలికి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "తోమి పంపింది సూడు. మన ఇంటి వాసన పోయేదాంక తోమింది" అంది. అవతలి గదిలో ఉన్న అమ్మ, "గామెకు తెల్వదు వదినా, వాల్ల దిక్కు గదే మర్యాదనేమో. ఒక మాట చెప్తె అయిపాయె గదా" అంది.

అత్త గిన్నె కింద పెట్టింది. "చెప్తె ఏమయితది?"

"తెలుసుకుంటది."

"తెలుసుకోని పెడ్తది. నోరు తెరిచి చెప్పి పెట్టిచ్చుకునుడుకు, అడుక్కునుడుకు ఏం తేడా ఉన్నదే?"

 ఆ తర్వాత కూడా అత్త సారమ్మ ఇంటికి గిన్నె పంపడం మానలేదు. గిన్నె ప్రతిసారీ తళతళా మెరుస్తూ, ఖాళీగా వచ్చేది. ప్రతిసారీ అత్త వాసన చూసి కింద పెట్టేది. రెండు ఇళ్ల మర్యాదలూ మర్యాదలే. రెండింటి మధ్య నేను ఖాళీ గిన్నె పట్టుకుని నడిచేదాన్ని. తర్వాత ఒకసారి గిన్నె బరువుగా వచ్చింది. తోమలేదు, తుడిచి ఉంది. లోపల సారమ్మ చేసిన కొబ్బరి లౌజు ముక్కలు, వాటి కింద మా గరిజె ఒకటి. అత్త ఆ గరిజెను బయటికి తీసి, అంచు తడిమి, తనదేనని ఖాయం చేసుకుని, "తెలిసిన మనిషే" అంది. ఆ పూట అమ్మ పొయ్యి వైపు తిరిగి అవసరం లేకపోయినా మంట ఊదుతూనే ఉంది. ఎవరు చెప్పారో నాకు అర్థమైంది. అత్తకూ అర్థమయ్యే ఉంటుంది. అడగలేదు.

ఇంత ఎందుకు చెప్పానంటే, ఇది తెలియకుండా హోటల్ సంగతి మీకు చెబితే మీరు కూడా మా అన్న బంతిలో కూర్చుని నవ్వేవాళ్లే.

మా అన్న కూతురి పెళ్లి శంషాబాద్ దగ్గరి పెద్ద ఫంక్షన్ హాల్లో చేశారు. వియ్యాల వారు గోదావరి వైపు నుంచి వచ్చారు కాబట్టి విమానాశ్రయం దారిలో ఒక హోటల్లో ఇరుపక్షాలకూ గదులు తీసుకున్నారు. హోటల్ పేరు రాయను, ఎందుకు రాయనో తర్వాత చెబుతాను. మా బాపు పెళ్లికి రాలేదు. తుంటి ఎముక విరిగి ఇంట్లో మంచం మీద ఉన్నాడు. మనవరాలి పెళ్లి ఫోన్లో చూశాడు. పెళ్లికి రాలేని మనిషికి పెళ్లింటి తిండి పోవాలి. మా చిన్నతనంలో పెళ్లింటి ఇల్లాలు బయటికొచ్చి, ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో, ఎవరు బాలింతో, ఎవరు ఎడ్ల దగ్గర ఆగిపోయారో పేరు పేరునా అడిగి, బూరెలో పులిహోరో ఇస్తరాకులో మూట కట్టి చేతిలో పెట్టేది. తీసుకోకపోతే కోపగించుకునేది. ఇక్కడ పెళ్లింటి ఇల్లాలు మా వదిన. ఆమె చేతిలో ఫోన్ ఉంది, మూట లేదు. క్యాటరింగ్ వాళ్లు పాత్రలు సర్దుకుని వెళ్లిపోయారు. అత్త హాల్ తలుపు దగ్గర కుర్చీలో చాలాసేపు కూర్చుంది. ఎందుకు కూర్చుందో నాకు తెలుసు. ఎవరైనా వచ్చి, నర్సమ్మా, ఇంట్ల నీ తమ్ముడున్నడు గదా అంటారని. ఎవరూ అనలేదు.

అప్పుడామె చేతిసంచిలో ఒక డబ్బా ఉంది. ఎనభై దాటిన చేతులతో కూర్చుని, పిల్లతో సారె పంపడానికి చేసిన గరిజెలు దాని నిండా. మా వదిన సారె కోసం దుకాణం నుంచి బంగారు రంగు కాగితపు పెట్టెలు తెప్పించింది. ఈ సొట్టల స్టీలు డబ్బాను వాటి పక్కన పెట్టడానికి ఒప్పుకోలేదు. "అత్తమ్మా, ఫోటోల మంచిగ రాదు" అంది. డబ్బా సంచిలోకి తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున అందరం టిఫిన్ హాల్లోకి దిగాం. గదితో పాటు ఉచితమట. బల్లల మీద మూతలున్న వెండిరంగు పాత్రలు, కింద నీలం మంట, గోడకు ఒక బోర్డు, ఆహారాన్ని దయచేసి బయటికి తీసుకువెళ్లవద్దని. అత్త నా మోచెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"వడ్డించెటోల్లు ఎవలే?"

"మనమే పెట్టుకోవాలె అత్తా."

"మంది ఇంట్ల గంటె మనం పట్టాల్నా?"

ఆమె పట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నేనే పెట్టుకొచ్చాను. ఇడ్లీ, కాస్త ఉప్మా. తింటూ చుట్టూ చూసింది. ఆమె చూపు ఎటు పోతే నా చూపూ అటే పోయింది. వియ్యంకుడి బావమరిది ఉడికిన గుడ్లు రెండు కాగితంలో చుట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. మా వదిన జామ్ డబ్బీలు, వెన్న పొట్లాలు, రెండు అరటిపండ్లు హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది, పైన రుమాలు కప్పింది. అత్త నా చెవిలో, "గామె సంచిల ఏసుకుంటున్నది సూడు. ఎవలన్న ఇచ్చిన్రా?" అంది.

"లేదు."

"మరి?"

 మా ఇంట్లో ఇతరుల గంటె ముట్టుకోవడం తప్పు, తిండి ఇంటికి మోసుకుపోవడం గౌరవం. ఇక్కడ గంటె ఎంతసేపైనా పట్టుకోవచ్చు, పళ్లెం ఎంతైనా నింపవచ్చు, సగం తిని పారేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మోసుకుపోవడం తప్పు. అది కూడా స్టీలు డబ్బాలో అయితేనే తప్పు, తోలు బ్యాగులో అయితే కాదు.

అత్త చెయ్యి కడుక్కుని వచ్చింది. "ఈ ఇంటి ఇల్లాలు ఏడుంటది?" అంది.

"ఇది ఇల్లు కాదత్తా, హోటలు. మేనేజరుంటడు."

"మొగోడా? వానికేం తెలుస్తది. వంటోల్లు ఏడున్నరు?"

వంటింటి తలుపు చూపించాను. ఆమె సంచిలోంచి డబ్బా తీసి, మూత గట్టిగా ఉందా లేదా చూసి, చిన్న అడుగులతో నడిచి, ఇడ్లీ పాత్ర చివర, వంటింటి తలుపు పక్క బల్ల మీద పెట్టింది. వచ్చి కూర్చుంది. అప్పుడు నాకు వెలిగింది. ఆమె ఆ ఇంటికి గిన్నె పంపింది. అడగలేదు, తీయలేదు. నిండు గిన్నె ఇచ్చింది, అది ఖాళీగా రాదు కాబట్టి. వచ్చేదే తమ్ముడికి. ఆమెకు తెలిసిన గౌరవమైన దారి అదొక్కటే.

"అత్తా, వీల్లకు గదంత తెల్వదు" అన్నాను.

"వండెటోల్లకు తెల్వకుంట ఉంటదా?"

నేను కాఫీ తెచ్చుకుని వచ్చేసరికి బల్ల మీద డబ్బా లేదు. ఎవరు తీశారో నేను చూడలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది ఆ కాఫీ గురించే. నాకు భయం వేసింది. విమానాశ్రయం పక్కన, ఎవరిదో తెలియని మూత పెట్టిన డబ్బా. గార్డులు వస్తారేమో, ముసలామెను నిలబెట్టి ప్రశ్నలడుగుతారేమో అని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. అత్త మాత్రం తన ఇంటి అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా కూర్చుంది.

బస్సు వచ్చింది. ముందు హాల్లో సామాన్లతో అందరం నిలబడి ఉన్నాం, వియ్యాల వారు కూడా. కోటు వేసుకున్న మేనేజర్ మా డబ్బాను రెండు చేతులతో ఒంటికి దూరంగా పట్టుకుని వచ్చాడు. "ఇది రిసెప్షన్ దగ్గర ఉందండీ. గెస్టులెవరో మర్చిపోయారని ఎవరో పెట్టి వెళ్లారట. మీలో ఎవరిదైనానా?" అన్నాడు. అత్త చెయ్యి చాపింది. ఆ చెయ్యి చేరేలోపే మా వదిన అందుకుని, తూకం చూసి, మూత తీసింది. లోపల అరిటాకు, ఆకు మీద వరసగా ఇడ్లీలు, ఒక మూల కాగితంలో కారప్పొడి. ఆవిరి కూడా పోలేదు.  మేనేజర్ గొంతు మార్చి, "మేడమ్, బఫే నుంచి ప్యాక్ చేసుకోవడానికి మా దగ్గర వీలుండదండీ. సరే, పెద్దావిడ కాబట్టి ఈసారికి ఉండనివ్వండి" అన్నాడు.

మా అన్న ముఖం నల్లబడింది. పళ్ల సందున, "ఏందత్తా ఇది? ఆకలైతె నాకు చెప్పొద్దా?" అన్నాడు. వదిన మూత మూసి డబ్బా అత్త చేతిలో పెట్టకుండా నా చేతిలో పెట్టింది, ముట్టుకోకూడనిదేదో దాటించినట్టు. "అన్నా, ఆమె పెట్టలేదు. ఆమె గరిజెలు ఇచ్చింది, వాల్లు..." అని నేను మొదలుపెట్టగానే అత్త నా చెయ్యి నొక్కింది. గట్టిగా. ఊరుకోమని. చెబితే అడుక్కున్నట్టే. అంతమంది ముందు ఆమె దొంగగా నిలబడింది గానీ, ఇచ్చింది ఇది, వచ్చింది అది అని లెక్క చెప్పడానికి ఒప్పుకోలేదు. వియ్యపురాలు జాలిగా నవ్వి, "పర్లేదులెండి, పెద్దవాళ్లు కదా" అంది. ఆమె పక్కనే గుడ్లు జేబులో పెట్టుకున్న పెద్దమనిషి కూడా తల ఊపాడు.

నిజం చెప్పాలంటే, బస్సులో కూర్చున్నాక నేను కూడా అనుమానించాను. అత్తను కాదు, మా వదినను. తన కొడుకు కోసం ఇడ్లీలు కట్టించుకుని, పట్టుబడేసరికి అత్త మీదికి తోసిందేమో అనుకున్నాను. వదినకు ఆ తెలివి ఉంది. కానీ ఇంటికి వెళ్లాక ఆ అనుమానం నిలవలేదు. అత్త బాపు మంచం పక్కన కూర్చుని, డబ్బా విప్పి, "నీ మనుమరాలి పెండ్లి బువ్వ" అని ఒక్కో ఇడ్లీ కారప్పొడి అద్ది తినిపించింది. బాపు ఏమీ అడగకుండా నోరు తెరిచాడు. ఇడ్లీలు అయిపోయాయి. అరిటాకు ఎత్తింది. ఆకు కింద, సరిగ్గా మధ్యలో, ఒక్క గరిజె.

మూడు మడతలు పెద్దవి, ఒకటి చిన్నది.

డబ్బా తోమలేదు. గోడలకు చక్కెర పొడి అట్లాగే అంటుకుని ఉంది. అత్త ఆ గరిజెను అరచేతిలో పెట్టుకుని, అంచు తడిమి, నా వైపు చూసి నవ్వింది. ఆమె నవ్వడం తక్కువ. "ఇజయా, చూసినవా? లోపల మనోల్లు ఎవలో ఉన్నరే" అంది. దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి బాపు నోట్లో, ఒకటి తన నోట్లో వేసుకుంది.

ఈ సంగతి అన్నకు చెప్పాను. "అడుగున ఒకటి అంటుకోని ఉండొచ్చు, సరిగ్గ దులపలే" అన్నాడు. ఆకు కింద, సరిగ్గా మధ్యలో ఎట్లా అంటుకుంటుందన్నాను. "నీకు అన్నీ అనుమానాలే" అన్నాడు. ముప్పై గరిజెలు తీసిన చెయ్యి ఒక్కదాన్ని వదిలి, దాని మీద ఆకు పరిచి, ఆకు మీద ఇడ్లీలు పేర్చి, మర్చిపోయిన సామాను అని చెప్పి బయటికి పంపింది. ఇది పొరపాటున జరిగే పని కాదు. ఆ వంటింట్లో ఉన్న మనిషికి మా వాడకట్టు పద్ధతి తెలుసు.

అత్తకు ఆ మనిషెవరో తెలుసుకోవాలని ఉండేది. ఎవరింటి గిన్నె ఎవరికి పోయిందో తెలియకుండా ఆమె ఎప్పుడూ ఉండలేదు. నేను వెళ్లినప్పుడల్లా, "అడిగినవా?" అనేది. చివరికి ఒకరోజు నేనుండే రాజేంద్రనగర్ నుంచి ఆ హోటల్‌కు వెళ్లాను. మేనేజర్ నన్ను గుర్తుపట్టాడు. పెళ్లి మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర ఎవరు పని చేశారు, వంటింట్లో మంఖాల్, మహేశ్వరం దిక్కు వాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. "ఏమైనా పోయిందా మేడమ్? కంప్లైంట్ ఉంటే చెప్పండి. డబ్బాలో ఎవరు పెట్టారో మేం కూడా కనుక్కుంటున్నాం. మా దగ్గర అది సీరియస్ విషయం" అన్నాడు.

అప్పుడు నాకు నా తెలివితక్కువతనం తెలిసింది. కృతజ్ఞత చెబుదామని నేను పేరు అడిగితే, ఆ పేరు దొరికిన రోజు ఆ మనిషి పని పోతుంది. ఆ మనిషికి ఇది ముందే తెలుసు. అందుకే తన చేతితో ఇవ్వకుండా మర్చిపోయిన సామానుగా పంపింది. "ఏం లేదండీ, మా అత్తే పెట్టుకుంది. పెద్దావిడ" అని చెప్పి వచ్చేశాను. అవును, నేనే అన్నాను ఆ మాట. అత్త నా పక్కన ఉంటే అదే అనమనేది. ఊరికి వెళ్లి అత్తకు చెబితే, "మంచి పని చేసినవ్" అని మళ్లీ ఆ ఊసెత్తలేదు. కానీ ఎవరో అన్న ఆలోచన ఆమె ముఖంలో ఉండిపోయింది. దానితోనే పోయింది. హోటల్ పేరు నేను ఎందుకు రాయలేదో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

ఇప్పుడు మా కాలనీలో కూడా పండగలకు పక్కింటి నుంచి తిండి వస్తుంది, మంచిగానే వస్తుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. ఇచ్చేవాళ్లు నవ్వుతూ, "డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదండీ, పడేయండి" అంటారు. మర్యాదకే అంటారు. నా చెవికి మాత్రం మీరు మా గుమ్మం మళ్లీ తొక్కనవసరం లేదు అన్నట్టు వినిపిస్తుంది. తిరిగి ఇవ్వాల్సిన గిన్నె లేకపోతే తిరిగి వెళ్లాల్సిన గుమ్మం కూడా ఉండదు. పాతకాలం గొప్పదని నేను అనను. ఆ కాలంలో చెప్పుకోని మర్యాదల వల్ల సారమ్మ లాంటివాళ్లు ఎన్నాళ్లు తప్పు చేశామేమోనని నలిగారో, అత్త నోరు విప్పకపోవడం వల్ల ఎందరి దృష్టిలో దొంగయిందో నాకు తెలుసు. అయినా ఒకటి అడుగుతాను. బోర్డు పెట్టి, కోటు వేసుకుని, మూతల కింద మంట వెలిగించి నడిపే ఆ మర్యాదలో మంచాన ఉన్న మనిషి ఎవరని అడిగే వీలుందా? లేదు. అడిగింది వంటింట్లోని ఎవరో. నోటితో కాదు, ఆకుతో.

దినాలు అయ్యాక వస్తువులు పంచుకునేటప్పుడు డబ్బా నాకు వచ్చింది. ఎవరూ పోటీ పడలేదు. నా వంటింటి అలమరలో ఉంది. నిన్న మూత తీసి వాసన చూశాను. నూనె, కొబ్బరి, వాటి కింద సన్నగా కారప్పొడి. ఇంకా పోలేదు. నేను తోమలేదు.

ఇది చదివేవాళ్లలో ఆ మనిషి ఉంటే, లేదా ఆ మనిషికి ఇది చదివి వినిపించేవాళ్లు ఉంటే, పేరు చెప్పవద్దు. ఏ పూట పనిలో ఉన్నావో చెప్పవద్దు. మా అత్త పోయేదాకా అడగాలనుకుని అడగలేని మాట, మా దిక్కున కొత్త మనిషి గుమ్మంలోకి రాగానే మంచినీళ్లిచ్చి అడిగే మాట, అదొక్కటి చెబితే చాలు. ఏ ఊరు బిడ్డా మీది?